కీర్తిశేషులు బూర్గుల రామకృష్ణారావుగారు – మితవాదియా, అతివాదియా?

మన గ్రంథాలయమునకు సాయంకాలమున పత్రికలు చదువ వచ్చువారి నడుమ రాజకీయ చర్చ రాని దినము లేదు. ఆ చర్చలలో తరచుగ వినవచ్చు వాదము ఒకటి కలదు. అధికారపక్షమునకు చెంది, మంత్రిగనో ముఖ్యమంత్రిగనో కుర్చీ యెక్కినవాడు అతివాది కానేరడనియు, నిజముగ అతివాదియైనచో ఆ కుర్చీ అతనికి దక్కదనియు పలువురి అభిప్రాయము. ఈ వాదమును త్రోసివేయుట సులభము కాదు. అట్లని పూర్తిగ అంగీకరించుటయు కష్టమే. రజతోత్సవ సంచికకు ఒక జీవితచరిత్ర వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరినప్పుడు, ఈ ప్రశ్నకు గీటురాయి కాదగిన జీవితము మన ప్రాంతమందే యున్నదని తోచినది. హైదరాబాదు రాష్ట్రమునకు ఎన్నికల ద్వారా వచ్చిన మొదటి ముఖ్యమంత్రియు, కడపటి ముఖ్యమంత్రియు తానే యైన బూర్గుల రామకృష్ణారావుగారి జీవితము అట్టిది.

ముందుగ మాట సంగతి కొంత చెప్పవలెను. అతివాదిని ఆంగ్లేయులు రాడికల్ అందురు. ఆ మాట లాటిను భాషలో వేరు అను అర్థముగల పదమునుండి పుట్టినది. గొంతెత్తి పలుకువాడు, కత్తి పట్టువాడు అను అర్థములు పిదప దానికి అంటుకొన్నవే. సేద్యము చేయువారికి ఈ భేదమును వివరింప నక్కరలేదు. గరికను పైపైన కోసినచో వాన పడగానే మరల మొలచును. వేరుతో పెకలించిననే చేను బాగుపడును. కావున ఒక నాయకుడు అతివాది యగునా కాదా యని తేల్చుటకు అతని కంఠధ్వనిని గాక, అతని చేయి ఎంత లోతునకు దిగెనో చూచుట న్యాయము.

రామకృష్ణారావుగారు 1899 మార్చి 13వ తేదీన పాలమూరు జిల్లా కల్వకుర్తి ప్రాంతమునందలి పడకల్లు గ్రామమున జన్మించిరి. తండ్రి నరసింగరావుగారు, తల్లి రంగనాయకమ్మగారు. ఇంటిపేరు పుల్లంరాజువారు, స్వగ్రామమైన బూర్గుల పేరే లోకమున ఇంటిపేరుగ నిలిచినది. హైదరాబాదులో ధర్మవంత్, ఎక్సెల్సియర్ పాఠశాలలలో చదివి, పూనా ఫెర్గుసన్ కళాశాలలో పట్టభద్రులై, బొంబాయి విశ్వవిద్యాలయమునుండి 1923లో న్యాయశాస్త్ర పట్టము పొంది, హైదరాబాదు హైకోర్టులో వకీలుగ ప్రవేశించిరి. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, పారశీకము, మరాఠీ, కన్నడము, ఆంగ్లము వారికి స్వాధీనములు. నిజాము రాజ్యమున తెలుగువారు, మరాఠీవారు, కన్నడిగులు కలిసియుండగా, కచ్చేరి వ్యవహారమంతయు ఉర్దూలో నడచుచుండగా, ఇన్ని భాషలు వచ్చిన వకీలునకు ఎంత పలుకుబడి కలుగునో ఊహింపవచ్చును.

ఆ వకీలు తనకేల యనుకొని యూరకున్నచో ఎవరును తప్పుపట్టి యుండరు. కాని 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో కార్వే పండితుని అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేచినప్పుడు సభలోనివారు కేకలువేసి, చప్పట్లు చరచి, ఆయనను సాగనీయలేదు. ఆ అవమానమును భరింపలేక అప్పుడే వేరుగ గుమిగూడి ఆంధ్ర జనసంఘమును స్థాపించిన కొలదిమందిలో మాడపాటి హనుమంతరావుగారితోపాటు బూర్గులవారును ఉండిరి. నాటికి వారి వయస్సు ఇరువదిరెండేండ్లు.

ఆ సంఘము చేసిన పనులేవి? గ్రంథాలయములు, పఠనమందిరములు పెట్టుట. తెలుగు పాఠశాలలు నెలకొల్పుట. శాసనములు, తాళపత్రములు సేకరించుట. వర్తకుల కష్టములనుగూర్చియు, వెట్టిచాకిరి కూడదనియు చిన్న పుస్తకములు అచ్చువేయుట. నేటి దృష్టికి ఇవి మెత్తని పనులుగ తోచును. కాని నాడు గస్తీ నిషాన్ తిర్పన్ అను ఆజ్ఞ యుండెను. దాని ప్రకారము సర్కారు అనుమతి లేనిదే సభ జరుపరాదు. సభలు లేనిచోట గ్రంథాలయ వార్షికోత్సవమే ప్రజలకు సభ యయ్యెను. 1901లో సుల్తాను బజారున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము మొదలుకొని పల్లెలలో పూరిపాకలందు వెలసిన పఠనాలయములవరకు ప్రతిదానిమీదను పోలీసులకు కన్నుండెను. నేడు మనము తోరణములు కట్టి నిర్భయముగ జరుపుకొనుచున్న ఇట్టి ఉత్సవము నాడు ఎంత సాహసకార్యమో కుర్ర పాఠకులు ఎరుగవలెను. బ్రిటిషు ఆంధ్రమున మితవాది యనిపించుకొను పని నిజాము గడ్డమీద అతివాదము. ఈ కొలత మరచినచో బూర్గులవారిని మనము తప్పుగ తూచుదుము.

1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ ప్రథమ సమావేశము జరిగెను. మరుసటి సంవత్సరము దేవరకొండలో జరిగిన ద్వితీయ సమావేశమునకు బూర్గులవారే అధ్యక్షులు. పిదప 1938లో స్టేట్ కాంగ్రెసు స్థాపనకు పూనుకొన్నవారిలో ఒకరైరి; ఆ సంస్థ పుట్టకమునుపే నిషేధింపబడెను. క్విట్ ఇండియా ఉద్యమ సందర్భమున కారాగారవాసమును అనుభవించిరి.

ఈలోపల ఆంధ్ర మహాసభలో యువతరము బయలుదేరి, అర్జీలు పెట్టుట చాలదనియు, దేశ్‌ముఖులను ఎదిరింపవలెననియు పట్టుపట్టెను. 1944లో భువనగిరి సభకు రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులైనప్పుడు పాతతరమువారు వేరైపోయిరి. బూర్గులవారు ఆ పాతతరమువారి ప్రక్కనే నిలిచిరి. నాటినుండియు మితవాది యను ముద్ర వారిపై పడెను. ఆ ముద్రను తుడుచుకొనుటకు వారెన్నడును ప్రయత్నించినట్లు కానరాదు.

ఇక ముఖ్యమైన కథ. 1948 సెప్టెంబరు పోలీసుచర్యతో నిజాము పాలన ముగిసెను. 1949లో సైనిక ప్రభుత్వము జాగీర్లను రద్దుచేసెను. కాని దేశ్‌ముఖుల పట్టాభూములు జాగీర్లు కావు; అవి చెక్కుచెదరలేదు. నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో సాయుధపోరాటము సాగుచునే యుండెను. అట్టి కాలమున, 1950 జూనులో, వెల్లోడీగారి మంత్రివర్గమున స్టేట్ కాంగ్రెసు తరఫున చేరిన నలుగురిలో బూర్గులవారు ఒకరై రెవెన్యూ శాఖను స్వీకరించిరి. హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము అమలులోనికి వచ్చినదియు ఆ నెలలోనే. దానిని వారొక్కరే వ్రాసినట్లు కొందరు చెప్పుదురు, అది సరికాదు. 1945 నాటి అసామీ షిక్మీ చట్టము దానికి ముందున్నది. పోలీసుచర్య తరువాత భూసంస్కరణ సంఘము చేసిన విచారణయు ముందున్నది. కాని చట్టమును పల్లెకు కొనిపోవు బాధ్యత మాత్రము వారి నెత్తిన పడినది.

ఆ చట్టములోని కీలకమిది. నిర్ణీతకాలమున ఆరేండ్లు ఎడతెగక ఒక భూమిని కౌలుకు దున్నినవానిని రక్షిత కౌలుదారుగ పుస్తకమునకెక్కింపవలెను. అట్లు ఎక్కినవానిని పట్టాదారు తన యిష్టము వచ్చినట్లు బేదఖలు చేయరాదు. కౌలు హద్దుమీరరాదు. పట్టాదారు భూమి నమ్మదలచినచో మొదటి హక్కు అతనిదే. 1951 నాటికి హైదరాబాదు రాష్ట్రమంతట సుమారు 6 లక్షలమంది ఇట్లు పుస్తకమునకెక్కిరి. తండ్రి తాతలనుండి దొర దయాధర్మముమీద దున్నుకొనుచున్న మనుష్యుని పేరు సర్కారు కాగితముమీద మొట్టమొదట కనబడినది అప్పుడే. దున్నువానిని పట్టాదారునకు సమానముగ పహాణీలో ఒక గడియందు నిలుపుట చిన్న సంగతి కాదు. ఇది గరికను పైపైన కోయుట కాదని నా అభిప్రాయము.

1952 ఎన్నికలలో 175 స్థానములకు కాంగ్రెసు 93 గెలుచుకొనెను. కమ్యూనిస్టులు ప్రజాస్వామ్య ఫ్రంటు పేరున నిలిచి తెలంగాణమున గట్టి పక్షముగ వచ్చిరి. రావి నారాయణరెడ్డిగారు నల్లగొండనుండి లోకసభకు పొందిన ఓట్లు నెహ్రూగారికి వచ్చినవానికంటె అధికము. షాదునగరునుండి ఎన్నికైన బూర్గులవారు 1952 మార్చి 6వ తేదీన ముఖ్యమంత్రి యైరి. 1954లో కౌలుదారీ చట్టమును సవరించి, భూకమతమునకు గరిష్ఠపరిమితి యను భావమును ప్రవేశపెట్టిరి; అంతకంటె ముఖ్యముగ 38-ఇ అను సెక్షను చేర్చిరి. దాని ప్రకారము సర్కారు ఒక ప్రాంతమునుగూర్చి ప్రకటన చేసిన దినమున, అచటి రక్షిత కౌలుదారుల చేతిలోనున్న భూమి, చట్టము విధించిన హద్దులకు లోబడి, వారి సొంతమైపోవును. కౌలుదారు అర్జీ పెట్టుకొన నక్కరలేదు, పట్టాదారు ఒప్పుకొననక్కరలేదు. పరిహారమును పట్టాదారునకు వాయిదాలమీద చెల్లింపవలెను. నాటి భారతదేశమున ఇంతదూరము పోయిన కాంగ్రెసు ప్రభుత్వములు ఎక్కువ లేవు. తన పక్షమునందే భూస్వాములు బలముగ నుండగా, పట్టాదారు సమ్మతి నడుగకనే పట్టా మార్చు చట్టమును సభచే అంగీకరింపజేసిన ముఖ్యమంత్రిని కేవల మితవాది యనుటకు నాకు మనస్సొప్పదు.

సాయుధపోరాటము లేనిదే ఈ చట్టము రాకపోవునని కొందరు వాదింతురు. ఆ వాదమున సత్యము చాల కలదు. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడువరకు పల్లెలలో భూమి చేతులు మారుచునే యుండెను. భూమి నీయక తప్పదని పాలకులకు తోచుటకు అదియొక కారణము. కాని పాలకుడు భయపడిచేసిన పని యైనంతమాత్రమున దాని ఫలితము తగ్గదుగదా! భయపడిన పాలకులందరును ఇట్టి చట్టములు చేయలేదు. పెక్కుమంది పోలీసు ఠాణాలు కట్టించి ఊరకుండిరి. హైదరాబాదున ఠాణాలును కట్టిరి, చట్టమును చేసిరి.

ఇంతవరకు చెప్పినది వెలుగు. నీడను దాచినచో చరిత్ర కాదు, స్తోత్రమగును.

మన నల్లకుంటనుండి అడిక్‌మెట్ మీదుగ నడచినచో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణము వచ్చును, దానికావల తార్నాక. ఆ విశ్వవిద్యాలయమే 1958లో ఏ. ఎం. ఖుస్రోగారు వ్రాసిన గ్రంథమొకటి ప్రకటించినది. హైదరాబాదులో జాగీర్ల రద్దు, భూసంస్కరణలు పల్లెలలో ఏమి చేసినవో లెక్కగట్టి చూపిన గ్రంథమది. పరిశీలనకు తీసుకొన్నచోట్ల, 1951లో రక్షిత కౌలుదారులైన ప్రతి 100 మందిలో నాలుగైదేండ్లకే ఆ హోదాలో మిగిలినవారు 45 మంది. భూమి కొనుక్కొని సొంతదారులైనవారు 12 మంది. చట్టప్రకారము తొలగింపబడినవారు ముగ్గురికి మించరు. చట్టమునకు విరుద్ధముగ బేదఖలైనవారు 22 మంది. తమంతట తామే భూమిని వదలుకొన్నట్లు కాగితములలో కనబడువారు సుమారు 18 మంది. ఈ కడపటి లెక్కను చదివినప్పుడు పల్లెనెరిగినవారికి నవ్వును ఏడ్పును కలిసి వచ్చును. నాలుగు తరముల భూమిని తనంతట తానే వదలుకొను రైతును నేనింతవరకు చూడలేదు. తహసీలుదారు ఎదుట రాజీనామా వ్రాసి వ్రేలిముద్ర వేయకమునుపు దొరగారి గడిలో ఏమి జరిగియుండునో లెక్కలపుస్తకములో ఉండదు.

ఇది ఏల జరిగెను? చట్టము హైదరాబాదులో పుట్టినది. పుస్తకము మాత్రము పల్లెలో పట్వారీ చంకనే యుండెను. రక్షిత కౌలుదారు పేరు వ్రాయవలసినవాడును, కొట్టివేయగలవాడును అతడే. మాలీపటేలు, పోలీసుపటేలు, పట్వారీ – ఈ మువ్వురిలో ఎవరో యొకరు దొరకు బంధువో, ఆశ్రితుడో కాకుండుట అరుదు. వంశపారంపర్యమైన ఆ ఉద్యోగములను బూర్గులవారి ప్రభుత్వము తొలగింపలేదు; అవి 1980ల దశకమున గాని పోలేదు. వేరును పెకలింప బూనిన పెద్దమనుష్యుడు పారను మాత్రము వేరును కాపాడువారి చేతికే ఇచ్చెను. 38-ఇ సెక్షనును సైతము ఒక్కమారుగ రాష్ట్రమంతట ప్రకటింపక, 1955, 1956 సంవత్సరములలో ఖమ్మం జిల్లాయందును ములుగు తాలూకాయందును మాత్రమే ప్రకటించి మిగిలినచోట్ల నిలిపివేసిరి. ఆలస్యమైనకొలది వ్రేలిముద్రలు పెరిగినవి.

మరొక నీడ కలదు. పోలీసుచర్య పిదప బయటివారికి ఉద్యోగములు విరివిగ నిచ్చిరని స్థానికులు కినిసి, 1952లో ముల్కీ నిబంధనలకై ఆందోళన చేసిరి. వరంగల్లున ఆరంభమైన ఆ కదలిక హైదరాబాదు విద్యార్థులను పట్టెను. సెప్టెంబరు మొదటివారమున నగరమున పోలీసులు కాల్పులు జరిపిరి. యువకులు ప్రాణములు కోల్పోయిరి. ముఖ్యమంత్రి విచారణకు ఒప్పుకొని హైకోర్టు న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిగారిని నియమించిరి. విచారణ న్యాయమే, కాని ఒకనాడు తెలుగుమాటకు జరిగిన అవమానమును సహింపలేక సభనుండి లేచి వచ్చిన యువకుడే, ముప్పదియొక్క యేండ్ల తరువాత, వీథిలోనికి వచ్చిన యువకులపై తుపాకులు ప్రేలిన ప్రభుత్వమునకు పెద్దగ నుండుట చూచినచో మనస్సు కలుక్కుమనును.

విశాలాంధ్రనుగూర్చి వేరొక వ్యాసమే వ్రాయవచ్చును. 1955లో ఫజల్ అలీ సంఘము తెలంగాణమును వేరుగ నుంచుమని సూచించినప్పుడు వారు సందేహమున పడి, పిదప అధిష్ఠానవర్గ నిర్ణయమునకు తలయొగ్గి, 1956 ఫిబ్రవరి 20వ తేదీన పెద్దమనుష్యుల ఒప్పందమున సంతకము చేసిరి. నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశమేర్పడగా కుర్చీని నీలం సంజీవరెడ్డిగారికి విడిచి తప్పుకొనిరి. ఒప్పందమునందలి హామీలకు తరువాత పట్టిన గతి, 1969, 2014 సంవత్సరముల సంగతులు మనకందరకు తెలిసినవే. పదవిని అంత నిశ్శబ్దముగ వదలుట త్యాగమని కొందరు, దౌర్బల్యమని కొందరు అందురు. రెండింటిలో ఏదైనను అతివాదము మాత్రము కాదు.

కథ ఇంతటితో ముగిసినచో తీర్పు కొంత సులభమై యుండెడిది. కాని విధి వారిని కేరళమునకు పంపెను. 1956 నవంబరులో అచటికి గవర్నరుగ పోయిరి. 1957 ఏప్రిల్ 5వ తేదీన ఇ. ఎం. ఎస్. నంబూద్రిపాదుగారి కమ్యూనిస్టు మంత్రివర్గముచే పదవీప్రమాణము చేయించినది ఈ బూర్గులవారే. తెలంగాణమున ఎవరితో తలపడెనో వారికి సోదరులైనవారిని రాజ్యాంగబద్ధముగ గద్దెమీద కూర్చుండబెట్టవలసి వచ్చినది. ఆ మంత్రివర్గము వారము తిరుగకమునుపే కౌలుదారుల తొలగింపులను ఆపుచు ఆర్డినెన్సు తెచ్చినది. అది వెలువడినది గవర్నరు పేరుననే. హైదరాబాదు చట్టము ముందుగ బేదఖళ్లను ఆపలేక ఎంత నష్టపడెనో ఎరిగిన మనిషి ఆ కాగితముమీద సంతకము చేయునప్పుడు ఏమనుకొనియుండునో! రెండేండ్లు తిరుగునప్పటికి కేరళమున ఆందోళనలు చెలరేగినవి. మంత్రివర్గమునకు ప్రతికూలముగ గవర్నరు నివేదిక కేంద్రమునకు పోయినది. 1959 జూలై 31వ తేదీన ఆ మంత్రివర్గము బర్తరఫు చేయబడినది. సభలో మెజారిటీయున్న ప్రభుత్వమును తొలగించుటకు తోడ్పడిన ఆ నివేదికను నేను సమర్థింపలేను. ఢిల్లీ కోరిక నెరిగి నడచుకొనుట మితవాది స్వభావము. ఆ దినమున వారు నిక్కముగ మితవాదియే.

తరువాత ఉత్తరప్రదేశమున 1962 వరకు గవర్నరుగను, పిమ్మట రాజ్యసభ సభ్యులుగను ఉండి, 1967 సెప్టెంబరులో హైదరాబాదున దివంగతులైరి. రాజకీయముల నడుమ సారస్వతమును విడువలేదు. సౌందర్యలహరిని, కనకధారాస్తవమును తెనిగించిరి.

హైకోర్టులో బూర్గులవారి వద్ద జూనియరు వకీలుగ పనినేర్చినవారిలో పాములపర్తి వెంకట నరసింహారావుగారొకరు. గురువుగారు గతించిన నాలుగేండ్లకు, 1971లో, ఆయన ఆంధ్రప్రదేశ ముఖ్యమంత్రి యై భూపరిమితిని పట్టుదలతో తలకెత్తుకొనిరి. ఖమ్మం, ములుగు వదలి మిగిలిన తెలంగాణమంతట 38-ఇ సెక్షను 1973 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. గురువుగారు నిలిపివేసిన ప్రకటన శిష్యుని ప్రభుత్వకాలమున, పందొమ్మిదేండ్లు ఆలస్యముగ వెలువడినది. ఆ నెలలోనే శిష్యుని పదవి పోయినది. పోవుటకు కారణములు పెక్కు, ముల్కీ తగాదా వానిలో ప్రధానమైనది. ఐనను గ్రంథాలయములో మన మిత్రులు చేయు వాదమునకు ఈ సంగతి కొంత బలమిచ్చుననుట నేను కాదనను.

నా మట్టుకు నేను ఇట్లు తలంతును. చట్టము వ్రాయునప్పుడు బూర్గులవారు అతివాదులు; దానిని నడపునప్పుడు మితవాదులు. ఈ రెండింటిలో ఏది పెద్దదని అడిగినచో, భూమి దక్కిన 12 మంది ఒకటి చెప్పుదురు, బేదఖలైన 22 మంది మరొకటి చెప్పుదురు. 1951లో వ్రాసిన రక్షిత కౌలుదారుల పుస్తకములకు నేటికిని న్యాయస్థానములలో పని తీరలేదు. నగరము పెరిగి ఎకరము విలువ కోట్లకు చేరినచోట్ల, ఆనాటి కౌలుదారుల మనుమలు ముత్తాత పేరున్న పుటకు నకలు తీసికొని 38-ఇ ధ్రువపత్రములతో వకీళ్ల చుట్టు తిరుగుచున్నారు. ఆ పుటలో పేరున్నందుననే వారికి కోర్టు గడప యెక్కు హక్కు కలిగినది.